అశ్వ కాలేయంలో అజ్ఞాతవాసి

విరాటరాజు కొలువులో పాండవులు గడిపిన అజ్ఞాతవాస వృత్తాంతం తెలుగు విద్యార్థులకు చిరపరిచితం. ఆ ఏడాది నకులుడు దామగ్రంథి అనే మారుపేరుతో అశ్వశాలలో చేరాడు. గుర్రాల స్వభావం, వాటికి వచ్చే రోగాలు, చేయవలసిన చికిత్సలు తెలిసినవాడుగా ఆయనకు మన సంప్రదాయంలో పెద్ద పేరు. శాలిహోత్రుని పేర, నకులుని పేర అశ్వశాస్త్ర గ్రంథాలు ప్రచారంలో ఉన్నాయి. ఆ శాస్త్రం ప్రధానంగా కంటిని నమ్ముకున్నది. మేనిచాయ, నడక, సకిలింపు, ఒంటిమీది సుడులు మొదలైనవి పరిశీలించి గుర్రం ఎటువంటిదో నిర్ణయించేవారు. అయితే గుర్రం కాలేయంలో, పిత్తవాహికల మధ్య, నెలలు ఏళ్లు అజ్ఞాతవాసం చేయగల జీవి ఒకటి ఉంది. దానికి సుడులు లేవు, సకిలింపు లేదు. యజమాని కంటికి అది ఆనదు. వైద్యుని సూక్ష్మదర్శినికి సైతం తరచు చిక్కదు. దాని జాతిని, వంశాన్ని నిర్ధారించడానికి శాస్త్రజ్ఞులు చివరకు జన్యువుల సాక్ష్యాన్ని ఆశ్రయించవలసి వచ్చింది.

తెలుగునాట పశుపోషకులు ఈ జీవిని కార్జపు జలగ అంటారు. నిజానికిది జలగ కాదు. జలగ అనెలిడా వర్గానికి చెందిన ఖండితదేహం గల ప్రాణి. కార్జపు జలగ ప్లాటిహెల్మింథిస్ వర్గానికి చెందిన బల్లపరుపు పురుగు. చూడడానికి చిన్న ఆకులాగా పలుచగా ఉంటుంది. ఇంగ్లీషువారు దీన్ని ఫ్లూక్ అన్నారు. బల్లపరుపుగా ఉండే ఒక చేపకు వారి పాత భాషలో ఉన్న పేరే ఇది. కాలేయాన్ని కోసి చూసినప్పుడు మనవారికి జలగ స్ఫురించింది, వారికి చేప స్ఫురించింది. పోలికనుబట్టి పేరు పెట్టడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ దీనికి ఫాసియోలా హెపాటికా అని శాస్త్రీయ నామం పెట్టాడు. ఫాసియోలా అంటే లాటిన్‌లో చిన్న పట్టీ. అదీ పోలికే! 1855లో కాబోల్డ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఒక జిరాఫీలో ఇదే ప్రజాతికి చెందిన ఇంకా పొడవైన పురుగును కనుగొన్నాడు. దానికి ఫాసియోలా జైగాంటికా అని పేరు. మన మైదాన ప్రాంతాల చెరువుల కింద, కాలువ గట్ల వెంట మేసే గేదెల్లో, ఎద్దుల్లో కనిపించేది ముఖ్యంగా ఈ రెండవ జాతి. ఐర్లండ్, బ్రిటన్ వంటి చల్లని, తడి నేలల్లో గొర్రెలను, పశువులను పీడించేది మొదటి జాతి. గుర్రం కథ ఆ తడి పచ్చికల్లోనే నడిచింది.

కార్జపు జలగను గురించి మొదట వ్రాసినవాడు పండితుడు కాడు, గొర్రెల కాపరి. ఫ్రాన్సుకు చెందిన జాన్ ద బ్రీ 1379లో గొర్రెల పెంపకంపై వ్రాసిన గ్రంథంలో ఈ వ్యాధిని పేర్కొన్నాడు. ఒక రకం గడ్డి మేయడంవల్ల కాలేయంలో పురుగులు పుడతాయని ఆయన భావించాడు. ఆధునిక శాస్త్రం ఈ మాటను పూర్తిగా కొట్టిపారేయలేదు. పురుగు గడ్డినుంచి పుట్టదు గాని, గడ్డిని అంటుకొనే వస్తుంది. ఈ సంగతి తెలియడానికి మరి అయిదు వందల ఏళ్లు పట్టింది. ఈలోగా 1879-80 ప్రాంతంలో ఇంగ్లండులో విపరీతమైన వానలు కురిసి, ఈ వ్యాధికి సుమారు 30 లక్షల గొర్రెలు బలి అయ్యాయని చరిత్రకారులు వ్రాశారు. ఆ విపత్తు తరువాతనే ఆక్స్‌ఫర్డులో ఎ.పి. థామస్ అనే యువ శాస్త్రజ్ఞుడు, జర్మనీలోని లైప్‌జిగ్‌లో లూకార్ట్ అనే ప్రసిద్ధ ఆచార్యుడు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, 1881-83 మధ్య ఈ పురుగు జీవిత చరిత్రను వెలికితీశారు.

ఆ చరిత్ర విచిత్రమైనది. జంతువు పేడతోపాటు బయటపడిన గుడ్డు నీటిలో పగిలి మిరాసీడియం అనే డింభకం వెలువడుతుంది. అది ఈదుకుంటూ వెళ్లి బురదనేలల్లో బతికే చిన్న నత్త శరీరంలో ప్రవేశిస్తుంది. నత్తలో స్పోరోసిస్టుగా, రీడియాగా, సర్కేరియాగా రూపాలు మార్చుకుంటుంది. రూపంతోపాటు సంఖ్య కూడా మారుతుంది. ఒక్క మిరాసీడియం నుంచి వందలకొద్దీ సర్కేరియాలు పుడతాయి, అన్నీ ఒకే జన్యువుల ప్రతిరూపాలు. అవి నత్తను విడిచి గడ్డిపోచలకు అంటుకొని, చుట్టూ గట్టి కోశం కట్టుకొని, మేతకు వచ్చే జంతువుకోసం వేచి ఉంటాయి. ఆ గడ్డి గొర్రె మేసినా, ఆవు మేసినా, గుర్రం మేసినా పురుగుకు తేడా లేదు. పేగులో కోశాన్ని విడిచి, పేగుగోడను తొలుచుకొని, కాలేయం చేరి, కొన్ని వారాలపాటు ఆ కణజాలాన్నే తింటూ పిత్తవాహికలకు దారి చేసుకుంటుంది. నత్త కడుపులో జరిగే ఈ ప్రతిరూపాల పుట్టుకను విద్యార్థులు గుర్తుంచుకోవాలి. జన్యు పరీక్షల్లో ఇది మళ్లీ ఎదురవుతుంది.

పురుగుకు తేడా లేకపోయినా గుర్రానికి ఉంది. గొర్రె ఈ పురుగుకు సులభంగా లొంగిపోతుంది. గుర్రం అలా లొంగదు. 1975లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు గుర్రాలకు బుద్ధిపూర్వకంగా ఈ పురుగు కోశాలను తినిపించి చూసినప్పుడు, వాటిలో అత్యల్ప భాగమే పెరిగి పెద్దవయ్యాయి. మిగిలినవి దారిలోనే నశించాయి. కాబట్టి గుర్రానికి ఈ బాధ లేదని పశువైద్యులు చాలాకాలం ఉపేక్షించారు. 2017లో ప్రకటితమైన ఒక ఐరిష్ పరిశోధన ఆ నిశ్చింతను కొంత చెదరగొట్టింది. కబేళాకు వచ్చిన 200 గుర్రాల కాలేయాలను కోసి చూడగా 9.5 శాతం గుర్రాలలో పురుగులు బయటపడ్డాయి. మూడేళ్ల తరువాత బ్రిటన్‌లో 183 గుర్రాలపై వెలువడిన ఇటువంటి పరిశీలనలో ఆ సంఖ్య సుమారు 2 శాతమే. రెండు దేశాల్లోనూ గుర్రాలు గొర్రెలతో, పశువులతో కలిసి ఒకే పచ్చికలో మేయడం మామూలు.

ఇందులో చిక్కు ఒకటుంది. గుర్రంలో ఉండే పురుగులు కొద్ది. కొద్దిపాటి పురుగులు పెట్టే గుడ్లూ కొద్ది. అవి పెద్ద జంతువు వేసే పేడరాశిలో కలిసిపోతాయి. ఆ పేడను సూక్ష్మదర్శిని కింద ఎంత శ్రద్ధగా వెదికినా గుడ్డు కనబడకపోవచ్చు. గుడ్డు కనబడనంత మాత్రాన పురుగు లేదనడానికి వీలులేదు. రక్తంలోని ప్రతిరక్షకాలను పరీక్షించే పద్ధతిని ఐర్లండులో ఆ 200 గుర్రాలపైనే ప్రయోగించి చూశారు. పురుగులున్నట్లు కంటితో చూసిన గుర్రాలలో సగాన్నయినా ఆ పరీక్ష పట్టుకోలేకపోయింది. రోగలక్షణాలు కూడా సాయపడవు. బరువు తగ్గడం, నీరసం, రక్తహీనత, పనిలో చురుకు లేకపోవడం అనేవి వంద కారణాలవల్ల రావచ్చు. పైగా అనేక దేశాల్లో గుర్రాల యజమానులు పురుగుల నివారణకు ఐవర్‌మెక్టిన్ మందు క్రమం తప్పకుండా వాడుతూ, ఇక తమ గుర్రానికి ఏ పురుగూ లేదని భావిస్తారు. గుండ్రటి పురుగులపై ఆ మందుది గొప్ప శక్తి. దాన్ని కనుగొన్నవారికి 2015లో నోబెల్ బహుమతి కూడా లభించింది. కార్జపు జలగపై మాత్రం అది పనిచేయదు.

పురుగు చేతికి చిక్కిన తరువాతనైనా దాని జాతిని కంటితో తేల్చవచ్చు కదా అనే ప్రశ్న రావచ్చు. హెపాటికా పొడవు సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు. దానికి భుజాలవంటి విశాలమైన పై భాగం ఉంటుంది. జైగాంటికా 75 మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది, భుజాలు అంత స్పష్టంగా ఉండవు. పుస్తకంలో బొమ్మలు పక్కపక్కన చూసినప్పుడు ఇది సులభంగానే తోస్తుంది. కాని పురుగు ఎంత పెరుగుతుందనేది దాని వయసుమీద, అది పెరిగిన జంతువుమీద కూడా ఆధారపడుతుంది. ఒక జంతువులో ఉన్న తోటి పురుగుల సంఖ్య కూడా దాని కొలతలను మారుస్తుంది. రెండు జాతులూ కలిసి ఉండే దేశాల్లో అటూ ఇటూ కాని మధ్యరకం పురుగులు కనిపిస్తాయి. తనకు అంతగా అనుకూలం కాని గుర్రం కాలేయంలో పెరిగిన పురుగును కొలిచి, గొర్రెలో పెరిగినదాని కొలతలతో పోల్చి తీర్పు చెప్పడం ఎంతవరకు సబబు? ఉత్తర గోగ్రహణ వేళ పేడివేషంలో ఉన్న అర్జునుణ్ణి ద్రోణుడు శంఖధ్వనితోను, నారిమోతతోను రూఢి చేసుకున్నాడు. వేషం మారినా ఆ ధ్వని మారదు. ప్రాణి శరీరంలో అటువంటి మారని గుర్తు డి.ఎన్.ఎ.

డి.ఎన్.ఎ. రెండు పేటల పొడవైన పోగు. అందులో ఎ, టి, జి, సి అనే నాలుగు అక్షరాలు కోట్లకొలది వరుసగా ఉంటాయి. 2015లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు ఫాసియోలా హెపాటికా జన్యులిపి మొత్తాన్ని ప్రకటించారు. అందులోని అక్షరాలు సుమారు 130 కోట్లు. అంగుళం మించి కొంచెం పెరిగే ఒక పురుగుకు ఇంత పెద్ద గ్రంథం ఎందుకా అని ఆశ్చర్యం కలుగుతుంది! జాతిని గుర్తించడానికి గ్రంథమంతా చదవనక్కరలేదు, ఒక్క పుట చాలు. శాస్త్రజ్ఞులు తరచు ఎంచుకునే పుటలు కేంద్రకంలో రైబోజోముల జన్యువుల మధ్య ఉండే ఖాళీ భాగాలు. వాటిని ఐ.టి.ఎస్.-1, ఐ.టి.ఎస్.-2 అంటారు. ఈ భాగాలు ఏ ప్రోటీనుకూ సూత్రం కావు. అందువల్ల వాటిలో కాలక్రమాన చేరిన మార్పులు ప్రాణికి హాని చేయకుండా నిలిచిపోతాయి. ఒకే జాతి పురుగుల్లో ఇవి దాదాపు ఒకేలా ఉంటాయి, జాతి మారితే కొన్ని అక్షరాలు మారతాయి. కణంలో వీటి ప్రతులు కూడా ఒకటి రెండు కాక అనేకంగా ఉంటాయి. తాళపత్ర ప్రతుల పరిష్కర్తలకు ఈ పని కొత్తగా తోచదు. ఏ ప్రతి ఏ ప్రతినుంచి పుట్టిందో తేల్చడానికి వారు వెదికేది కూడా లేఖకుల చేతిలో దొర్లిన పాఠభేదాలనే.

పురుగులోని చిన్న తునక నుంచి గాని, పేడలోని గుడ్ల నుంచి గాని తీసిన డి.ఎన్.ఎ. చాలా స్వల్పం. దాన్ని పెంచే ఉపాయాన్ని 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు కారీ ముల్లిస్ కనిపెట్టాడు. అదే పి.సి.ఆర్. దీనికి ఆయన 1993లో నోబెల్ బహుమతి పొందాడు. డి.ఎన్.ఎ.ను సుమారు 95 డిగ్రీలకు వేడిచేస్తే రెండు పేటలు విడిపోతాయి. వేడి తగ్గించగానే, కావలసిన పుటకు మొదట, చివర సరిపోయేటట్లు తయారుచేసిన ప్రైమర్లు అనే చిన్న తునకలు వాటికి అంటుకుంటాయి. మళ్లీ 72 డిగ్రీలకు తెస్తే ఒక ఎంజైము ప్రతి పేటకు ఎదురుపేట అల్లుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. 30 ఆవృత్తులు పూర్తయ్యేసరికి ఒక్క ప్రతి లెక్కప్రకారం 100 కోట్లు దాటుతుంది. మరుగుతున్న నీటికి దగ్గరి వేడిలో కూడా చెడని ఆ ఎంజైమును అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో నివసించే బాక్టీరియా నుంచి సంగ్రహించారు.

ఇలా పెంచిన పుటను అక్షరం అక్షరం చదవవచ్చు. అంతకంటె చవకైన మార్గం కూడా ఉంది. ఆర్.ఎస్.ఎ.-1 అనే మరొక ఎంజైము జి-టి-ఎ-సి అనే నాలుగక్షరాల వరుస ఎక్కడ కనిపిస్తే అక్కడ డి.ఎన్.ఎ.ను కత్తిరిస్తుంది. ఫాసియోలా ఐ.టి.ఎస్.-1 పుటను దానికి అప్పగిస్తే, జైగాంటికాలో 172 అక్షరాల ముక్క ఒకటి చెక్కుచెదరకుండా మిగులుతుంది. హెపాటికాలో అదే చోట ఒక అక్షరం వేరు. అక్కడ కత్తెర పడి ఆ ముక్క 104, 68 అక్షరాల రెండు ముక్కలవుతుంది. వాటిని జిగురు పలకలో ఉంచి విద్యుత్తు పంపితే చిన్న ముక్కలు వేగంగా, పెద్దవి మెల్లగా కదిలి వేర్వేరు గీతలుగా నిలుస్తాయి. ఎంతటి అనుభవజ్ఞుడైనా పురుగు భుజాలు చూసి సందేహిస్తాడేమోగాని, ఆ గీతల ముందు సందేహానికి చోటు తక్కువ.

చోటు తక్కువేగాని అసలు లేకపోలేదు. జపాను, కొరియా మొదలైన తూర్పు ఆసియా దేశాల్లో వీర్యకణాలు లేకుండా, సంయోగం లేకుండానే సంతానం పొందే ఫాసియోలా పురుగులున్నాయి. అవి పూర్వం ఎప్పుడో రెండు జాతులూ కలిసి పుట్టినవని జన్యువులు చెబుతున్నాయి. వాటి కేంద్రకంలో రెండు జాతుల అక్షరాలూ కనిపించవచ్చు. అందుకే కేంద్రకంతోపాటు మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను కూడా చదువుతారు. అది తల్లినుంచి మాత్రమే సంక్రమిస్తుంది. హెపాటికాలో దాని నిడివి సుమారు 14,500 అక్షరాలు. కేంద్రకం ఒక మాట, మైటోకాండ్రియా మరొక మాట చెబితే ఆ పురుగు సంకరజాతిదని గ్రహించవచ్చు. ఒక్క సాక్షి మాటపై తీర్పు చెప్పకూడదనే నియమం ఇక్కడా వర్తిస్తుంది.

ఐర్లండు, బ్రిటన్ వంటి దేశాల్లో జాతి విషయమై ఇంత తర్జనభర్జన లేదు. అక్కడ గుర్రంలో ఉండే పురుగు గుర్రానికి ప్రత్యేకమైనది కాదు. గొర్రెలోను, ఆవులోను ఉండే ఫాసియోలా హెపాటికాయే. అక్కడ జన్యు పరిశోధన మరొక ప్రశ్నకు మళ్లింది. ఒకే జాతిలోని పురుగుల మధ్య చుట్టరికం ఎటువంటిది? బ్రిటన్‌లో గొర్రెలు, పశువుల నుంచి సేకరించిన 1,579 పురుగుల జన్యుగుర్తులను పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. 61 శాతం జంతువుల్లో ఒకే జన్యువులు గల ప్రతిరూప పురుగులు కనిపించాయి. నత్త కడుపులో పుట్టిన ఒకే కాన్పు పిల్లలన్నమాట. అయినా మొత్తం పురుగుల్లో 84 శాతం దేనికదే వేరు. ఈ పురుగు ఉభయలింగ జీవి, తనంత తానే ఫలదీకరణ చేసుకోగలదు. కాని అలా చేసుకోవడం 2 శాతానికి మించదని లెక్క తేలింది. అన్నిటికంటె ముఖ్యమైన విషయం మరొకటి. ఒక జంతువులోని పురుగుల సమూహానికి, ఇంకొక జంతువులోని సమూహానికి మధ్య చెప్పుకోదగిన భేదం లేదు. పశువుల రవాణా ఎడతెగకుండా సాగే ఆ దేశంలో ఈ పురుగులన్నీ ఒకే పెద్ద కుటుంబంగా కలిసిపోయాయి.

గుర్రం జాతికి చెందిన జంతువులు ఎంత దూరం తిరిగాయో, వాటితోపాటు పురుగు కూడా ఎంత దూరం వెళ్లగలదో చూపే ఉదాహరణ దక్షిణ అమెరికాలో ఉంది. బొలీవియా దేశంలో సముద్రమట్టానికి 3,800 మీటర్లకు పైగా ఎత్తయిన పీఠభూమిలో ఫాసియోలా వ్యాధి మనుషుల్లో, ముఖ్యంగా పిల్లల్లో, ప్రపంచంలోనే అత్యధికంగా ఉంది. గొర్రెలు, పశువులు, పందులతోపాటు అక్కడి గాడిదలు కూడా ఈ పురుగును మోస్తున్నాయి. ఇవేవీ ఆ ఖండంలో పూర్వం ఉన్నవి కావు, స్పెయిన్‌వారు ఓడలపై తెచ్చినవి. పురుగును పోషించే నత్త మాత్రం స్థానికమై ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. ఆ నత్తల ఐ.టి.ఎస్. భాగాలను చదివినప్పుడు అవి కూడా ఐరోపా నత్తలతోనే సరిపోయాయి. అతిథేయులు, మధ్యస్థ అతిథేయి, పరాన్నజీవి అన్నీ వలస వచ్చినవే. ఏ చరిత్రకారుడూ నమోదు చేయని ఈ వలస నత్త కణంలో వ్రాసి ఉంది.

గుర్రంలో నాలుగు పురుగులున్నంత మాత్రాన ఇంత ఆందోళన ఎందుకని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నకు సమాధానం మందుల్లో ఉంది. కార్జపు జలగ పిల్లదశనుంచి పెద్దదశ వరకు అన్ని దశల్లోను చంపగల మందు ట్రైక్లాబెండజోల్. అది 1980 దశకంలో వాడుకలోకి వచ్చింది. 1995లో ఆస్ట్రేలియాలో గొర్రెల్లో ఆ మందుకు లొంగని పురుగులు కనిపించాయి. తరువాత ఐరోపాలోను, దక్షిణ అమెరికాలోను కనిపించాయి. ఈ లొంగని గుణం జన్యువుల్లో ఎక్కడ ఉందో చాలాకాలం తేలలేదు. 2023లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు అక్కడి పురుగుల్లో దాని జాడను సుమారు 30 జన్యువులున్న ఒక్క ప్రాంతానికి పరిమితం చేయగలిగారు. అది బహిర్గత లక్షణమని కూడా గమనించారు. అంటే తల్లిదండ్రుల్లో ఒకరినుంచి వచ్చినా చాలు, పురుగు మందును తట్టుకుంటుంది.

ఈ రెండు ఫలితాలను కలిపి చదివితే గుర్రం స్థానం తెలుస్తుంది. బ్రిటన్ పురుగులన్నీ ఒకే కుటుంబం. అందులో ఒకచోట పుట్టిన మందును తట్టుకునే గుణం మరొక చోటికి పాకడానికి అడ్డంకి లేదు. గొర్రెలతో పోలిస్తే గుర్రం పచ్చికలో రాల్చే గుడ్లు స్వల్పమే. గొర్రెకంటె గుర్రమే ప్రమాదకరమని ఎవరూ అనరు. అయితే గొర్రెలమందకు మందు తాగించిన రైతు, అదే పొలంలో మేసే గుర్రాన్ని లెక్కలోకి తీసుకోడు. బ్రిటన్‌లో గుర్రాలకని అనుమతి పొందిన జలగమందు లేదు. పశువైద్యుడు వేరే జంతువుల మందును తన బాధ్యతపై ఇవ్వవలసి వస్తుంది. గొర్రెలకు వాడే మందులన్నీ గుర్రానికి క్షేమకరం కావు. కాబట్టి ఊహమీద ఆధారపడి మందు పోయడానికి వీలులేదు, ముందు పురుగు ఉందని తేలాలి. పేడలోని డి.ఎన్.ఎ.ను పి.సి.ఆర్. ద్వారా పెంచి చూసే పరీక్షలు ఇందుకు ఉపయోగపడతాయి. కణానికి అనేక ప్రతులుండే ఐ.టి.ఎస్., మైటోకాండ్రియా భాగాలను ఎంచుకోవడంవల్ల ఒకటి రెండు గుడ్లున్నా వాటి జాడ పట్టుబడే అవకాశం ఉంది. పరీక్షకు తీసుకున్న చిటికెడు పేడలో ఆ ఒక్క గుడ్డయినా పడకపోతే మాత్రం పి.సి.ఆర్. కూడా ఏమీ చెప్పలేదు. అందుచేత ఒకే గుర్రం నుంచి వేర్వేరు రోజుల్లో పేడ సేకరించి పరీక్షించడం, నత్తలు బతికే బురద మడుగుల చుట్టూ కంచె వేసి గుర్రాలను ఆ గడ్డికి దూరంగా మేపడం మేలు.